లింబాద్రి లైసెన్స్ పరీక్ష

“నడిమి తెల్లగీత దాటొద్దు,” అన్నాడు లింబాద్రి, ఉడికించిన పసుపు కొమ్ములను రోడ్డు మీద సరిగ్గా ఆ గీత దాకా ఆరబోస్తూ.

మర్నాడు అతనికి లెర్నింగ్ లైసెన్స్ పరీక్ష. కొత్త కారు దండతో సహా ఇంటి ముందు నిలబడి ఉంది. బడి నుంచి వస్తున్న నన్ను ఆపి, చేతిలో పుస్తకం పెట్టి, ప్రశ్నలు అడగమన్నాడు.

“ఫుట్‌పాత్ ఎవరిది?”

“నడిచేటోళ్లది. అన్నీ నోటికొచ్చు టీచరమ్మా, ఫికర్ లేదు.”

బండ్లు పసుపు తొక్కకుండా అతనూ భార్య భాగ్యవ్వా రోడ్డు మీద రాళ్లు పేరుస్తున్నారు.

“బండి రోడ్డు మీద చెడిపోయి ఆగితే?”

“ఎర్రగుర్తు వెట్టాలె. లేకుంటె ఎన్కకెల్లి అచ్చేటోడు సూడక గుద్ది సస్తడు. గిది గూడ ఒక సవాలేనా?”

భాగ్యవ్వ చేతిలోని రాయిని మెల్లగా కింద పెట్టింది.

పోయిన పసుపు కాలంలో మా ఆయన బైకు ఈ రోడ్డు మీదే ఇలాంటి రాళ్లకు గుద్దుకుంది; ఆయన బతకలేదు. అవి ఎవరివో ఊళ్లో ఎవరూ చెప్పలేదు.

నేను తర్వాతి ప్రశ్న కోసం పేజీ తిప్పాను.

“గా రాళ్లు మావి కావు టీచరమ్మా,” అన్నాడు లింబాద్రి.

“నేను అడగలేదు, లింబాద్రన్నా.”