రేవు దాటే కేవు

“గట్టిగా ఊపిరొదలకు ఎర్రమ్మా, ఎగిరిపోగలదు!” అన్నాడు రామూర్తి.

టెక్కలి కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారాయన. బారువ నుంచి ఎండుచేపల గంపతో వచ్చే ఎర్రమ్మ, ఈసారి గంప దించాక కొంగుముడి విప్పి, పొలుసంత వెండి బిళ్ళ ఆయన చేతిలో పెట్టింది.

“ఇది నాకాడ ఉండొచ్చునా, ఉండకూడదా? అదొక్కటీ సెప్పు బాబూ. ఏడాదై నిద్ర నేదు.”

“పోలీసుల భయమా? ఎక్కడిదిది?”

“మా ఆయనకి ఇసకలో దొరికింది. సేప పొలుసనుకుని ఊదినాడు. ఎగరనేదు.”

కిడ్నీ జబ్బుతో ఆమె మొగుడు పోలారావు పోయి ఏడాది. ఆ సంగతి రామూర్తికి తెలుసు. బంగారం తూచే చిన్న కాటాలో పెడితే ముప్పావు గ్రాము కూడా తూగలేదది. భూతద్దం తీశాడు.

“అంచు సమంగా లేదు. పోత పోసింది కాదు, సుత్తితో కొట్టింది. ఇటు ఆడమనిషి మొహం. ఇటు... గుడ్లగూబ!”

“ఓలమ్మ! గూబా? అందుకేటి నా కొంప ఇలాగయింది!”

“కాదే తల్లీ, వాళ్ళకది దేవత పక్షి. ఇది రెండువేల ఏళ్ళు దాటిన గ్రీకు నాణెం. ఓబొల్ అంటారు. చచ్చిపోయినవాళ్ళ నోట్లో పెట్టి పంపేవాళ్ళట.”

“మా వోళ్ళూ పెడతారు నోట్లో, వెండి ముక్క. ఆళ్ళెందుకూ?”

“పై లోకానికి అడ్డంగా ఏరుందట. దాటించే పడవవాడికి కేవు ఇవ్వాలిగా.”

“సచ్చినోడి దగ్గరా కేవడుగుతాడేటి, మాయదారోడు!” నవ్వబోయి ఆగింది. “నేకపోతే?”

“ఎక్కించుకోడు. వందేళ్ళు ఈ ఒడ్డునే తిరగాలట.”

“ఈ ఒడ్డునేనా?”

“ఈ ఒడ్డునే. పాపం.”

ఎర్రమ్మ చెయ్యి చాపింది.

“మ్యూజియానికిద్దామే. నీ పేరు రాయిస్తాను.”

“వొద్దు బాబూ. నాకాడే ఉంచీసుకుంటాను.”

“నీ ఆఖరి ప్రయాణానికా?”

“నాకేటికి? నాను ఈదుకెళ్ళిపోతాను!”

బారువలో బస్సు దిగి ఆమె ఇంటికి పోలేదు. తీరాన బోర్లించిన పోలారావు పడవకు చేరగిలబడి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది. ఖాళీ ఒడ్డును చూస్తూ, ఏడాదిలో మొదటిసారి చిన్నగా నవ్వుకుంది. కొంగుకు రెండో ముడి కూడా వేసింది.

పాడె లేచేముందు పోలారావు నోట్లోంచి దాన్ని తీసింది ఆమే.