జడుసుకోని జనం

సంపత్ తెర ముందుకు పోయి చేతులు జోడించాడు.

“అమ్మలారా, అయ్యలారా. ఇది దయ్యం సినిమా. నవ్వే సినిమా కాదు, ఏడ్చే సినిమా అంతకన్న కాదు. ఇయ్యాల పట్నం నుంచి పెద్దసారు వచ్చిండు. జర సప్పుడు చెయ్యకుండ చూడున్రి. భయమైతే భయపడున్రి. గంతే నేనడిగేది.”

లక్సెట్టిపేట హాలు నిండా ఉన్న జనం బుద్ధిగా తలలూపారు.

“సరే గని కొడుకా, నువ్వు ముందుగాల సినిమా ఎయ్యి” అంది ముందు వరుసలోంచి కొమురవ్వ. నాలుగు రోజులుగా ప్రతి ఆటకూ అదే కుర్చీలో కూర్చుంటున్న ముసలమ్మ.

సంపత్ వెనక్కి వచ్చి పట్నం సారు శ్రీహరి పక్కన కూర్చున్నాడు.

సంపత్ కరీంనగర్‌లో పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాడు. పన్నెండేళ్ళు తీశాడు. ఇంకొక్క తలంబ్రాల షాటు తీస్తే చేతులు విరుగుతాయనుకున్న రోజున ఈ సినిమా మొదలుపెట్టాడు. పేరు ‘అడవంచున ఆమె’. పది మందిని వెంటేసుకుని, గోదావరి పక్కన అడవిని ఆనుకున్న ఒక ఊళ్ళో పద్దెనిమిది రోజుల్లో చుట్టేశాడు. మనుషుల్లేని ఊరు. ఇళ్ళకు తలుపుల్లేవు, కొన్నిటికి దూలాలు కూడా లేవు. సెట్టు వేసే పని తప్పింది. తీసిన మూడేళ్ళకు గానీ సినిమా బయటపడలేదు.

బయటపడ్డాక హుజూరాబాద్‌లో రెండు రోజులకు ఎత్తేశారు. పెద్దపల్లిలో ఒకటిన్నర రోజుకే. “దయ్యం వచ్చినప్పుడల్లా నాకు నిద్ర వచ్చింది” అని యూట్యూబులో ఒకడు చెబితే, దాని కింద నాలుగు వందల మంది నవ్వే బొమ్మలు పెట్టారు.

ఒక్క లక్సెట్టిపేటలోనే హాలు నిండుతున్నది. ట్రాక్టర్లు కట్టుకుని వస్తున్నారు. ముసలీముతకా, చంటిపిల్లల తల్లులు. ఆ కబురు విని, సినిమాలు కొని ఫోన్లలో చూపించే కంపెనీవాళ్ళు శ్రీహరిని పంపారు. “జనం జడుసుకుంటే తీసుకుంటం” అని అతను ముందే తేల్చాడు. జడుసుకోకపోతే సంపత్‌కు మళ్ళీ తలంబ్రాలే.

సినిమా మొదలైంది.

ఊరి సందులో కెమెరా నడుస్తున్నది. ఎవరూ లేరు. ఉత్త గోడలు. ఈ షాటు సాగింది, కోసెయ్యమని ఎడిటర్ మొత్తుకున్నా సంపత్ మొండికేసి ఉంచాడు. అక్కడ ఎవరో ముక్కు చీదారు. తర్వాత ఇంకొకరు. కాసేపటికి నాలుగు వరుసలు వెక్కుతున్నాయి.

“దయ్యం ఇంకా రాలేదు కదా?” అన్నాడు శ్రీహరి.

“రాలే సార్.”

తెర మీద హీరో గొంతు తగ్గించి, “ఈ ఊళ్ళో వందేళ్ళుగా మనిషన్నవాడు లేడు” అన్నాడు.

“వందేండ్లట” అన్నారు చీకట్లో ఎవరో.

“అయితె మన బక్కయ్యకు నూటయాభై ఉంటయ్.”

హాలంతా గొల్లున నవ్వింది. సంపత్ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

హీరోయిన్ పరుగెత్తి పరుగెత్తి వేపచెట్టు కింద పాతిన ఒక రాయి తట్టుకుని పడింది. ఆ పిల్లకు నిజంగానే మోకాలు చిట్లిన షాటది. ఎవరూ అయ్యో అనలేదు. ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. ఒక పెద్దాయన వంగి చెప్పులు విప్పి కుర్చీ కిందికి తోశాడు.

అప్పుడు దయ్యం వచ్చింది. రెండు గంటల మేకప్పు. డప్పులు దద్దరిల్లే మ్యూజిక్కు. ఒక్కరూ ఉలిక్కిపడలేదు. మెడలు మాత్రం అటూ ఇటూ వంచారు. ఒకడు లేచి నిలబడ్డాడు. “కూసోరా, మాకు కనవడద్దా” అని వెనకనుంచి కసిరారు. ఇద్దరాడవాళ్ళు తెరకేసి వేళ్ళు చూపించుకుంటూ ఏవో వాదులాడుకుంటున్నారు.

ఇంటర్వెల్లో శ్రీహరి సంచీ సర్దుకున్నాడు.

“తమ్మీ, పదేండ్ల సంది ఇదే పనిల ఉన్న. హాలైతే నిండింది. దయ్యాన్ని చూసేటోడు ఒక్కడు లేడు. గిదేం జనమో నాకు సమజైతలేదు.”

“సెకండాఫ్ చూడున్రి సార్, అందులనే అసలు భయం.”

“ఇంకోటి తియ్యి, చూద్దాం” అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

కారు రోడ్డెక్కేదాకా సంపత్ అక్కడే నిలబడ్డాడు. ఫోన్ మోగింది. బామ్మర్ది కుమార్.

“బావా, పెద్దపల్లిల లగ్గం ఉన్నది. డ్రోన్ తెస్తవా?”

“తెస్త” అన్నాడు సంపత్.

లోపల సినిమా నడుస్తూనే ఉంది. మళ్ళీ ఎక్కడో నవ్వు. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. గబగబా ముందు వరుసకు పోయి కొమురవ్వ కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“అవ్వా, ఒక్క మాట చెప్పు. నీకు భయమైతలేదా?”

“అయితలేదు.”

“మరి రోజు ఎందుకొస్తున్నవ్? నన్ను ఆగం చేసుటానికా? నవ్వద్దన్న కాడ నవ్విన్రు. ఉత్త గోడలు చూసి ఏడ్సిన్రు. నేను మీకేం పాపం చేసిన?”

కొమురవ్వ చూపు తెర మీంచి తిప్పలేదు. చెయ్యి మాత్రం తడుముకుంటూ వచ్చి అతని నెత్తి మీద ఆగింది. తెర మీద దయ్యం జుట్టు విరబోసుకుని, ఒక ఇంటి గడప నిండా నిలబడి ఉంది.

“కోపం చెయ్యకు కొడుకా, డ్యాం నీళ్ళల్ల మునిగిన మా ఇల్లు మళ్ళ గీడనే కనవడుతంది, గా దయ్యాన్ని జర పక్కకు జరుగుమను.”