బొట్టుకు ఆగని నుదురు

జనం గోడలకు సున్నం మానేసి బొమ్మలు కదిలే తెరలు అతికించుకోవడం మొదలుపెట్టాక నాకు చేతినిండా పనే. విజయనగరంలో పైడితల్లమ్మ గారింట్లో తెర పాడైందంటే వెళ్ళాను. అది నిరుడు నేను అతికించిందే. కాగితమంత పలచన. పోయిన ఆమె భర్త సన్యాసిరావు అందులో కళ్ళార్పుతూ కూర్చుని ఉంటాడు. బస్సు డ్రైవరుగా చేసినవాడు కనక, అద్దంలో వెనక చూసుకుంటున్నట్టు మాటిమాటికీ తల తిప్పుతాడు. అతికించిన రోజు ఆమె కంట నీటి చుక్క లేదు. నాకు టీ ఇచ్చి ఆయన కబుర్లే చెప్పింది.

తెర చూశాను. బాగానే ఉంది.

"పాడవలేదు కదమ్మా?"

"బొట్టు పెట్టబోతే తల తిప్పేస్తన్నారు బాబూ. చెంప మీద పడతంది. రేపు సంవత్సరీకం."

"దండ వేశారు కదా."

"బొట్టు పెట్టాల. బతికున్నోళ్ళ ఫొటోకి పెట్టం కదా. అందుకే ఏడాదై నేనూ ఆయనకి పెట్టలేదు."

కదలిక తీసేస్తే ఈ రకం తెరకు మళ్ళీ రాదని చెప్పాను. ఆమె చాలాసేపు ఆయన్నే చూసింది.

"తీసెయ్ బాబూ. కాస్త ఆగు, ఇటు తిరగనీ."

ఆయన కిటికీ వైపు నుంచి మెల్లగా ఆమె వైపు తిరిగాడు. ఆమె తలూపింది. ఆపేశాను.

ఆమె కుంకంలో వేలు అద్ది, కదలని ఆ నుదుటి మీద బొట్టు పెట్టింది. భరిణెకు మూత పెట్టి, పక్కన ఉంచి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.