బిగించినోడే

"అన్నా, ఒక్క నట్టు కూడ నువ్వు ముట్టద్దు" అన్నాడు మల్లేష్ కారు కింది నుంచి.

పానా పట్టుకొని వంగబోయిన అంజన్న ఆగిపోయాడు. నారాయణపేటలో కోస్గి రోడ్డు మీద ఇరవై ఏళ్లుగా ఈ షెడ్డు నడుపుతున్నాడు. తన షెడ్డులో తననే పని ముట్టద్దన్నవాడు ఇంతవరకు లేడు.

"మూడు దినాల సంది ఆ చక్రాల పలక మీదనే పన్నవ్. గీ ఆఖరుదన్న నన్ను బిగియ్యనీ."

"నీ షెడ్డు నియమం నీకు ఎరుకలేదా?"

ఎరుకే. బ్రేకు పని ఎవరు చేస్తే ఆ బండిని మొదట వాళ్లే నడపాలి, అదీ గుట్ట దిగుడులో. ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించిన తండ్రి నుంచి వచ్చిన పద్ధతి అది. పొద్దున్నే హనుమంతుడి పటానికి దీపం పెట్టనిదే అంజన్న పానా పట్టడు. కానీ దీపం పెట్టి నట్టు వదులుగా వదిలేస్తే స్వామి మాత్రం ఏం చేస్తాడని ఆయనకో సందేహం. అందుకే దీపాన్నీ వదల్లేదు, నియమాన్నీ వదల్లేదు.

స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్న మల్లేష్ స్నేహితుడు కమలాకర్ నవ్వాడు. "నియమం సంగతి తర్వాత. ఆదివారం ర్యాలీ. రేపు పొద్దుగూకేలోపల పేరియ్యాలె. జర జల్దీ కానియ్యి."

నిరుడు కార్ల పందెం ర్యాలీలో ఈ ఎర్ర కారును మల్లేష్ నడిపాడు. పక్కసీట్లో కూర్చుని దారి చెప్పింది కమలాకర్. కారు అడుగున పోయే బ్రేకు పైపును ఒక రాయి కోసేసింది. కారు మోరీలో పడింది. కమలాకర్ ఒంటి మీద గీటు పడలేదు. మల్లేష్ నాలుగు నెలలు దవాఖానలో ఉన్నాడు. ఈసారి తల్లి గోవిందమ్మ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. కారు మల్లేష్ బాగుచేసుకోవచ్చు, నడిపేది మాత్రం కమలాకర్.

"పైపులన్ని లోపలికెందుకు తెచ్చినవ్ రా?" కమలాకర్ కారులోకి తొంగిచూశాడు.

"కింద ఉంటె మళ్ల రాయి కోస్తది. సీటు పక్క నుంచి పోతె రాయి కాదు, రాయిని పుట్టించినోడు కూడ ముట్టలేడు."

"గట్లనకు. పటం ఇంటాంది" అన్నాడు అంజన్న.

"మరి స్టీరింగు పక్కన గీ లీవరేంది? దానికి మళ్ల సన్న తీగొకటి."

"చేతి బ్రేకు. మలుపు కాడ పనికొస్తది. పెద్ద ర్యాలీ బండ్లకు ఉంటది."

కమలాకర్ ముఖం వెలిగిపోయింది. "నా కోసం గింత చేస్తున్నవా?"

"నడిపెటోని కోసం" అన్నాడు మల్లేష్.

అప్పుడే గోవిందమ్మ సద్దిగిన్నె తీసుకొని వచ్చింది. మగ్గం మీంచి లేచి వచ్చినట్టుంది, వేళ్లకు ఎర్ర రంగు ఆరలేదు. కారు పక్కన కూలబడి కిందికి వంగి చూసింది.

"పోగు తెగితె ముడేసుకుంటం. మనిషి తెగితె ఏడ ముడేస్తం బిడ్డా? అమ్మి పారెయ్యరాదు దీన్ని."

"తెగిన కాడనే ముడేస్తున్ననమ్మా. పోగు తెగిందని నువ్వు మగ్గం అమ్మినవా?"

గోవిందమ్మ అంజన్న వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పన్నా."

"నా మాట ఇంటె గీ మూడు దినాలు నేనెందుకు ఉత్తగ కూసుంట చెల్లె?"

పైపుల్లో గాలి తీసే పని మిగిలింది. అంజన్న డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"ఒత్తు" అన్నాడు కింది నుంచి మల్లేష్. "పట్టు. ఇగ వదులు."

చక్రం దగ్గర పైపు చివర పెట్టిన సీసాలో బుడగలు లేచాయి. మళ్లీ ఒత్తు, మళ్లీ పట్టు. నాలుగో చక్రం దగ్గరికొచ్చేసరికి బుడగలు ఆగి, నూనె ఒక్కటే ధారగా దిగింది.

"తాళమియ్యి" కమలాకర్ చెయ్యి చాచాడు.

అంజన్న తాళం గుప్పిట్లో మూశాడు. "బిగించినోడే."

"ఏందన్నా పరాచికమా? వాడా?"

గోవిందమ్మ లేచి నిలబడింది. "నీ నియమం నా కొడుకు కన్న ఎక్కువనా అన్నా?"

"అందరి కొడుకుల కోసమే పెట్టుకున్న నియమం చెల్లె. బిగించినోడు ఎక్కకుంటె బండి షెడ్డు దాటదు. గిది తెలిసే వాడు నన్ను ఒక్క నట్టు ముట్టనియ్యలె."

కారు కింద పలక చక్రాల చప్పుడు ఆగిపోయింది. గోవిందమ్మ తన వేళ్ల మీది రంగును చూసుకుంది. తర్వాత పటం ముందున్న నిమ్మకాయలు నాలుగు తీసి, నాలుగు చక్రాల కింద పెట్టింది.

"పక్కన నువ్వు కూసో కమలాకర్. దారి చెప్పు" అంది. "నిరుటి లెక్క కాదు, మంచిగ చెప్పు."

స్టీరింగు ముందుకు చేరిన మల్లేష్‌కు తాళమిచ్చి, అంజన్న బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. ఎర్ర కారు నిమ్మకాయలను చిదుముకుంటూ గుట్ట దిగుడు పట్టింది. వేగం పెరిగింది. ఆయన పెదవులు హనుమంతుణ్ణి తలుచుకుంటున్నాయి, కళ్లు మాత్రం చక్రాల మీదే ఉన్నాయి. మోరీ మలుపు దగ్గర వెనుక లైట్లు భగ్గున వెలిగాయి. కారు గీత గీసినట్టు ఆగింది. మలుపు తిరిగి వెనక్కి వచ్చింది.

ముందు కమలాకర్ దిగాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. "తీగ గుంజి ఉరికిచ్చిండు, లీవరు గుంజి ఒక్క చేతితోటి ఆపిండన్నా. ఆదివారం కూడ దారి చెప్పెటోన్ని నేనే."

"అమ్మా" మల్లేష్ కిటికీలోంచి పిలిచాడు. "రేపు ఎవని పేరియ్యాలె?"

గోవిందమ్మ గోడకు ఆనించి ఉన్న కొడుకు చంకకర్రలు అందుకొని ఎదురెళ్లింది.