ధర పడిన రోజు

ఖాయ్,

క్రిప్టోలో బామ్మ మోసపోయిందని నిన్న ఫోన్లో అన్నావు. నేనేమీ మోసపోలేదు నాయనా.

నిన్న తెర మీద కనబడిన ఆ పెద్ద కొనుగోలు ఆర్డరు నిజంగా కొనడానికి పెట్టింది కాదని చూడగానే తెలిసింది. మనవాళ్లు సొరచేపలనే ఆ పెద్ద ఆసాములు అలాగే చేస్తారు. అది చూసి చిన్నవాళ్లు ధైర్యంగా కొంటారు. వీళ్లు చాటుగా తమ కాయిన్లు వాళ్లకే అమ్ముకుని, ధర దిగి ఆ ఆర్డరు దగ్గరికి రాగానే దాన్ని తీసేస్తారు. నా కళ్లముందే మాయమైంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఆ మాత్రం తెలియదా? అమ్మే బటన్ మీద వేలు కూడా పెట్టాను.

పెట్టి, తీసేశాను. ధర కుప్పకూలింది. కాసేపటికే నీ ఫోను.

"భయపడి అమ్మెయ్యకు బామ్మా, మళ్లీ లేస్తుంది. అన్నం తిన్నావా?"

"తిన్నాలే. నీ గొంతేంట్రా, అలా బొంగురుపోయింది?"

ధర పెరిగిన నెలల్లో నువ్వు ఒక్కసారీ ఫోన్ చేయలేదు, పడగానే చేశావు. ఈ సంకేతం మీ తెరల మీద కనబడదు, నేనే కనిపెట్టాను. ఉన్నవి అమ్మేస్తే ఇక దేని గురించి చేస్తావు?

సరే, ఒక పని. నా ఫోను మోత సన్నబడింది. సైగాన్‌లో మీ వీధిలోనే గట్టిగా మోగేది ఒకటి కొని మన ఊరు కాంథో వచ్చే బస్సు డ్రైవరు చేతికివ్వు. అందాకా కాస్త ఎక్కువసేపు మోగనివ్వు. నేను వంటింట్లోంచి రావాలి.