గంప కింద జాడ

“కలిపినంక ఆలస్యం చేస్తే గడ్డకడతది. జల్దీ పొయ్యండి,” అంది ఉదయశ్రీ టీచర్.

వాగు ఒడ్డున తడి ఇసుకలో దుప్పి గిట్ట గుర్తు ఉంది. పిల్లలు దాని చుట్టూ అట్టముక్కను గోడలా నిలబెట్టి ప్లాస్టర్ పోశారు. ఆరాక తీసి ఇసుక దులిపితే గిట్ట ఉన్నదున్నట్టు వచ్చింది.

ఖమ్మం నుంచి ఒక బడి వాళ్లు టేకులపల్లి అడవి పక్కన పెట్టిన వేసవి శిబిరం అది. రేపటితో ఆఖరు. తల్లిదండ్రులొస్తారు, ప్రదర్శన ఉంటుంది. దుప్పి, అడవిపంది, నెమలి, అన్నిటి అచ్చులూ దొరికాయి గానీ చిరుతది మాత్రం దొరకలేదు. దానికోసమే ఉదయశ్రీ మిగిలిన ఒక్క ప్లాస్టర్ ప్యాకెట్‌నూ ఎవరినీ ముట్టనివ్వకుండా దాచింది.

శిబిరానికి ఎడ్లబండి మీద నీళ్లు తెచ్చే హరిలాల్ డ్రమ్ము దించి, అక్కడే నిలబడిపోయాడు. పక్క తండా మనిషి, మాట తక్కువ. ఆ రోజు మాత్రం దుప్పి గిట్ట అచ్చును చేతిలోకి తీసుకుని, దాని అంచులు వేలితో తడుముతూ అడిగాడు.

“ఇది ఎన్నాళ్లుంటది టీచరమ్మా?”

“పగలకుండ చూసుకుంటే మనం పోయినంక కూడ ఉంటది.”

“మా వాకిట్ల ఒక జాడ ఉన్నది. దానికి గిట్ల పోసియ్యరాదమ్మా. వాన పడితే పోతది.”

ఉదయశ్రీకి ప్రాణం లేచొచ్చింది. ఉగాదప్పుడు హరిలాల్ వాళ్ల దూడను చిరుత ఎత్తుకుపోయిందని, చీకటి పడితే పిల్లల్ని బయటికి పంపొద్దని హెడ్మాస్టర్ జయప్రకాశ్ మొదటిరోజే హెచ్చరించాడు. వెతకబోయిన తీగ కాలికే తగిలింది.

“జాడ మంచిగున్నదా? చెదిరిపోలేదా?”

“అలికిన తడి ఆరకముందే పడ్డదమ్మా. లోతుగ ఉన్నది. గంప బోర్లించి పెట్టినం.”

“అయితే ఇప్పుడే పోదాం పా. రేపు ప్రదర్శనలో దాన్నే మధ్యలో పెడదాం. కింద మీ పేరు కూడ రాస్తా.”

హరిలాల్ తల అడ్డంగా ఊపాడు.

“ప్రదర్శనకు ఇయ్యనమ్మా. అది మాకే గావాలె.”

“మా దగ్గర ఒక్క ప్యాకెట్టే ఉంది హరిలాల్. మీకు పోస్తే పిల్లలకేం మిగులుతది?”

“ఒక్కరోజు కూడ ఇయ్యలేనమ్మా. నా భార్య దాన్ని ఇడిసి ఉండదు.”

ఉదయశ్రీకి ఒళ్లు మండింది. ఎంత ముద్దుగా పెంచుకుంటే మాత్రం, లోకంలో ఇంకెవరికీ దూడలు పోలేదా? చంపిన చిరుత అడుగును దాచుకోవడమేమిటి, చాదస్తం కాకపోతే? “చూద్దాంలే,” అని పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. హరిలాల్ మళ్లీ అడగలేదు.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. గాలిదుమారం లేచి టేకాకులు గలగలా దొర్లాయి. శిబిరం గేటు దగ్గర హరిలాల్ నిలబడి ఉన్నాడు. లోపలికి రాడు, పిలవడు. ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి ఆమె గది వైపు చూస్తున్నాడు. ఆ చూపుకు ఉదయశ్రీ మనసు ఉండబట్టలేదు. ప్యాకెట్టు, బకెట్టు తీసుకుని బయటికొచ్చింది.

“పదండి,” అంది. పొద్దుటి కోపం ఇంకా గొంతులో మిగిలే ఉంది.

దారిలో ఆమే పలకరించింది. “మీ ఇంట్ల పిల్లలుంటే రేపు పంపండి. వాళ్లూ చూస్తరు.”

“లేరమ్మా.”

ఆ ఒక్క మాటతో ఉదయశ్రీ కోపం నీరుగారిపోయింది. పిల్లల్లేని ఇల్లు. దూడనే బిడ్డలా సాకి ఉంటారు. పొద్దున తను అనుకున్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంటి ముందు కట్టుగుంజ ఖాళీగా ఉంది. వాకిలి ఊడ్చి ఎన్నాళ్లయిందో, ఆకులు, కోళ్ల రెట్టలు అలాగే ఉన్నాయి. వాకిలి నడుమ బోర్లించిన గంప, దాని మీద రాయి. గంప మీద చెయ్యి వేసి హరిలాల్ భార్య ద్వాలి కూర్చుని ఉంది. మనిషి చిక్కి సగమైంది. ఎవరో వచ్చారన్న స్పృహ కూడా లేదు.

“తిండి మీద ధ్యాస లేదమ్మా దానికి,” అన్నాడు హరిలాల్ మెల్లగా. “వానకాలం వస్తదని ఒకటే బుగులు.”

ఉదయశ్రీ బకెట్‌లో ప్లాస్టర్ పోసి నీళ్లు కలుపుతూ, చుట్టూ చూసింది.

“ఒక్కటే ఉన్నదా? మిగతావేమైనయి?”

“ఊడ్చిన,” అంది ద్వాలి. “అప్పుడు తెల్వదు గద. వాకిలంత ఖరాబు చేసినవని తిట్టుకుంట మళ్ల అలికిన.”

“అయ్యో, మొదటే కప్పిపెట్టుకోవాల్సింది కదమ్మా. అంత తొందరేమొచ్చింది?”

ద్వాలి మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. హరిలాల్ మొహం తిప్పుకున్నాడు. నోరు జారినందుకు ఉదయశ్రీ నాలుక కరుచుకుంది.

ఒక చినుకు ఆమె చేతిమీద పడింది. ఇంకొకటి గంప మీద టప్పుమంది.

“ఏడవకమ్మా. ఈ అచ్చు ఎవరికీ ఇయ్యను. మీ ఇంట్లనే ఉంటది,” అంది. “గంప తియ్యి, జల్దీ.”

హరిలాల్ తన తువ్వాలను రెండు చేతులతో గొడుగులా పట్టాడు. ద్వాలి రాయి పక్కన పెట్టి, నిద్రపోయేవాళ్ల మీది దుప్పటి తీసినంత నెమ్మదిగా గంప ఎత్తింది.

ఎండిన మట్టిలో, పట్టీ మువ్వలతో సహా, ఒక పసిపాదం అచ్చుపడి ఉంది.