నాలుగో నంబరు

మధ్యాహ్నం రెండూ పది. మూడో అంతస్తులో డ్రమ్ము మోగుతూనే ఉంది. ఉదయం పదకొండూ అయిదుకు మొదలైంది. ఇంతవరకు ఆగలేదు.

బెల్లు నొక్కారు. తలుపు బాదారు. ఫోను స్విచాఫ్‌లో ఉంది. చివరికి గుమ్మం పక్కన పడేసిన అట్టపెట్టె మీది నంబరు చూసి డ్రమ్ముల మాస్టారిని పిలిపించారు.

మాస్టారు వచ్చేసరికి మెట్ల మీద ఎనిమిది మంది ఉన్నారు. ఇంటి ఓనరు చేతిలో మారు తాళంచెవి ఉంది. మూడింటిలోగా చప్పుడు ఆగకపోతే సామాను వీధిలో పెట్టిస్తానని ఆయన అప్పటికే అందరి ముందూ అనేశాడు. అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

“అమ్మినవాడివి నువ్వే, నేర్పినవాడివి నువ్వే. ఆపించేదీ నువ్వే,” అన్నాడు ఓనరు.

అమ్మిన మాట నిజం. నేర్పాడా అంటే, అది మాస్టారికే తేలలేదు.

పదిహేడు రోజుల కిందట ఈ మూడో అంతస్తు పెద్దాయన మాస్టారి కొట్టుకు వచ్చాడు. బట్టల మిల్లులో ఫిట్టరు. మిల్లు మూతపడ్డాక క్వార్టర్సు ఖాళీ చేసి, భార్యతో ఈ ఇంట్లో దిగాడు. డ్రమ్ సెట్టు కావాలన్నాడు. కర్ర పట్టుకోవడం కూడా తెలియదన్నాడు. అపార్ట్‌మెంటు అయితే ఎలక్ట్రానిక్ ప్యాడ్లు మేలనీ, హెడ్‌ఫోన్సు పెట్టుకుంటే పక్క గదికి కూడా వినపడదనీ మాస్టారు చెప్పి చూశాడు. పెద్దాయన గొంతుక్కూర్చుని నేల మీద అరచెయ్యి ఆనించాడు. కొట్లో ఉన్న డ్రమ్ములన్నీ ఒక్కొక్కటే కొట్టి చూపించమన్నాడు.

“నేల అదరాలి మాస్టారూ,” అన్నాడు.

అయిదు డ్రమ్ముల సెట్టు కొన్నాడు. ఇంటికి చేరాక అన్నిటికన్నా పెద్దదీ, దాని పక్కదీ ఉంచుకుని మిగతావి బాల్కనీలోకి నెట్టేశాడు.

మర్నాటి నుంచి పాఠాలు. పెద్దాయనకు కావలసింది ఒకటే నడక. దానికి ఎత్తుగడ లేదు, ముక్తాయింపు లేదు. కాలు పెడలు మీద, కర్రలు డ్రమ్ము మీద, ఒకే వేగం. ఎనిమిదింటికోసారి ఒక కుంటి దెబ్బ. తప్పు పడుతోందనుకుని మాస్టారు దిద్దాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. అక్కడ కుంటాల్సిందేనన్నాడు. ఇంకొంచెం ఆలస్యంగా కుంటాలి, అది తన చేతికి పట్టుబడటం లేదు, అది నేర్పమన్నాడు. పదిహేనేళ్లుగా పిల్లల చేత మాన్పిస్తున్న తప్పును మాస్టారు కూర్చుని నేర్పాల్సి వచ్చింది.

ఇదేం పాట బాబాయ్ అని అడిగితే, “నాలుగో నంబరు,” అన్నాడు. ఏదో పాత క్యాసెట్టులో నాలుగోది కాబోలనుకున్నాడు మాస్టారు.

రోజూ గంటసేపు వాయించేవాడు. మధ్యమధ్య లేచి పడకగదిలోకి తొంగి చూసేవాడు. తల అడ్డంగా ఊపుకుంటూ వచ్చి మళ్లీ కూర్చునేవాడు.

రెండో అంతస్తు పిన్నికి చప్పుడు మీద కన్నా పెద్దాయన మీదే ఎక్కువ కోపం. ఇవాళ మాస్టారిని మెట్ల మీదే నిలబెట్టేసింది.

“ఇరవై తొమ్మిదేళ్లు మగ్గాల షెడ్డు గోడ పక్కన కాపురం చేసింది నాయనా ఆ తల్లి. ఇప్పటికైనా చెవులు చల్లబడ్డాయనుకుంటే ఈ మహానుభావుడు కొంపలోకే తెచ్చిపెట్టాడు. ఆ కళ్లు చూశావా? చింతనిప్పుల్లా ఉన్నాయి.”

మాస్టారు చూశాడు. పాఠానికి వెళ్లినప్పుడల్లా ఆమె మంచినీళ్లు తెచ్చిచ్చేది. మొన్న గ్లాసు జారి పడితే, వంగి తీసుకోవాలని కూడా తోచక దానివంకే చూస్తూ నిలబడింది. ఈ పాపంలో తనకూ వాటా ఉందనిపించి, ఇక మానేద్దాం బాబాయ్ అన్నాడు మాస్టారు. ఇంకొక్క రెండు రోజులని పెద్దాయన ఆయన చేతులు పట్టుకుని బతిమాలాడు.

ఆ రెండో రోజు ఇవాళే.

మాస్టారు తలుపుకు చెవి ఆనించి విన్నాడు. కర్ర తడబడటం లేదు. కుంటి దెబ్బ పడాల్సిన చోటే పడుతోంది. మూడు గంటలపాటు ఇలా వాయించడం తన వల్ల కూడా కాదు.

రెండూ ఇరవై అయిదుకు ఓనరు తాళం తీశాడు. హాల్లో డ్రమ్ములు లేవు. వాటిని ఈడ్చుకెళ్లిన గీతలు పడకగది గుమ్మం దాకా ఉన్నాయి.

గదిలో కిటికీ మూసి ఉంది. పెద్దాయన బనీను తడిసి వీపుకు అతుక్కుంది. రెండు అరచేతులకూ గుడ్డలు చుట్టుకున్నాడు. కుడిచేతి గుడ్డకు నెత్తురంటింది. వాళ్లను చూసీ ఆపలేదు.

“చేతులు పడిపోతున్నాయి మాస్టారూ. మీరు అందుకోండి. మధ్యలో ఖాళీ రాకూడదు.”

“ఆపెయ్యొచ్చు కదా బాబాయ్.”

పెద్దాయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గడ్డంతో పక్కకు చూపించాడు. మాస్టారు చూశాడు. వెనక నిలబడ్డ ఓనరూ చూశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

మాస్టారు కిందున్న రెండో జత కర్రలు తీసుకున్నాడు. పెద్దాయన కాలి పక్కనే కాలు పెట్టి పెడలు అందుకున్నాడు.

“కుంటి దెబ్బ మర్చిపోకండి,” అన్నాడు పెద్దాయన.

రెండూ ముప్పైకి డ్రమ్ము చేతులు మారింది. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

డ్రమ్ముకు ఆనించి వేసిన మంచం మీద, క్వార్టర్సు గోడ అవతలి నాలుగో నంబరు మగ్గం ఆగిపోయిన నలభై ఒక్క రోజులకు, ఆమె తొలిసారి ఆదమరిచి నిద్రపోతోంది.